బీరువా లోపలి వైపు

యూనిఫారాల కుట్టు వర్క్‌షాపు,
మార్చి 4

అన్నయ్యకి,

ఇది భోజనాల విరామంలో రాస్తున్నాను. రాత గజిబిజిగా ఉంటే తిట్టకు.

ఆయనకి బదిలీ అయింది. పని అదే, టైర్ల గోడౌను సూపర్‌వైజరే, కానీ కంపెనీ ఇంకోచోట కొత్త గోడౌను తెరుస్తోంది. లారీలో వెళితే అక్కడికి మూడు రోజుల ప్రయాణమట. నెలన్నరలో వెళ్ళిపోవాలి. కంపెనీ రెండు గదుల ఇల్లు ఇస్తుంది. దాని చుట్టూ ఇంకా ఇళ్ళు పడలేదట.

ఇక్కడే వచ్చింది తిరకాసు. సామాను మోసుకెళ్ళాలా, ఇక్కడే అమ్మేసి అక్కడ కొత్తది కొనుక్కోవాలా? ఇంట్లో ఉన్న కర్ర సామానంతా నీ చేతి మీద తయారైందే. మంచం, భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, నా మిషను బల్ల, బీరువా. అన్నీ అమ్మేసి బీరువా ఒక్కటే తీసుకెళదామని ఆయన అంటున్నారు. నాకేమో బీరువా ఒక్కటే వదిలేసి మిగతావి తీసుకెళ్ళాలని ఉంది. ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టు రోజూ ఇదే గొడవ. వడ్రంగివి నువ్వు, తీర్పు నువ్వే చెప్పు. బీరువా అంత దూరం తట్టుకోదని చెబితే ఇంకా మంచిది.

ఫోను చేయొచ్చు కదా అనకు. చిత్రిక మిషను పక్కన ఇరవై ఏళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్న నీతో ఫోనులో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. జవాబు ఇంటికి రాయకు. పోస్టుమాన్ మెట్లెక్కలేక ఉత్తరాలు కింద షాపులో పడేసి పోతున్నాడు. ఈ వర్క్‌షాపుకే రాయి, మా కటింగ్ అక్క తీసి ఉంచుతుంది.

నీ చెల్లెలు


కలప అడితి వీధి,
మార్చి 9

బుడంకాయ్,

నా చెవుల మీద పడ్డావు, బాగుంది. నీ నోరు మాత్రం చెక్కు చెదరలేదని తెలిసి సంతోషించాను.

తీర్పు విను. ప్లైవుడ్ సామానైతే ఆలోచించకుండా అమ్మెయ్యమనేవాణ్ణి. దాన్ని ఒకసారి విప్పితే స్క్రూ మళ్ళీ పట్టదు. కొత్తింటికి చేరేసరికి అది బీరువా కాదు, చెక్కల మోపు. మనది టేకు. నీ పెళ్ళికి నేను లేనని నువ్వు ఏడిస్తే, జైలునుంచి బయటికొచ్చాక ఏడాదిపాటు వేరే పని పట్టకుండా చేసిచ్చిన సామాను అది. మేకు కొట్టలేదు. ఆ బీరువా తొమ్మిది ముక్కలుగా విడిపోతుంది, తొమ్మిదీ మళ్ళీ కలిసి నిలబడతాయి. నీ మనవరాలు కూడా అందులో చీరలు పెట్టుకుంటుంది. కాబట్టి ఈ విషయంలో బావగారి మాటే రైటు.

అన్నట్టు, గడియ బాగా పడుతోందా? నేల వాలుగా ఉంది, తలుపు దానంతటదే తెరుచుకుంటోందని బావగారు పక్కన నిలబడి మరీ బయటివైపు వేయించుకున్నారు. ఇత్తడి గడియ, నూనె చుక్క వేస్తూ ఉండు.

అయితే అన్నీ చూడకుండా ఖాయంగా చెప్పను. దెబ్బ తగిలిన ప్రతి చోటా పల్చటి కాగితం పెట్టి, పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్దు. చిన్నప్పుడు నాన్న మన చేత చేయించేవాడే, అలాగే. ఏ సామాను, ఏ వైపు, నేలకి ఎంత ఎత్తులో ఉందో వెనకాల రాయి. బాగున్నవాటి గురించి నాకొద్దు, చెడ్డవన్నీ చెప్పు. ఒంటి సంగతి డాక్టరు దగ్గరా, కర్ర సంగతి వడ్రంగి దగ్గరా దాచకూడదు.

అన్నయ్య


కుట్టు వర్క్‌షాపు,
మార్చి 17

అన్నయ్యకి,

అచ్చులు పంపుతున్నాను, పదకొండు కాగితాలు. ఆయన డ్యూటీకి వెళ్ళాక రెండు పొద్దులు కూర్చుని తీశాను. నాన్న బతికుంటే మెచ్చుకునేవాడు.

బల్ల: ఒక మూల చీలింది, మూడు అంగుళాలు. ఏదో బరువైనది తగిలింది.

కుర్చీలు: నాలుగులో మూడే మిగిలాయి. ఒకటి కింద పడి వీపు విరిగింది. దాని ముక్కలు అటక మీద ఉన్నాయి.

మంచం: తలవైపు పలక మీద చిన్న పగులు, దాని చుట్టూ మరక. మరక తుడిస్తే పోవడం లేదు.

మిషను బల్ల: ఏమీ కాలేదు.

బీరువా: బయట అద్దంలా ఉంది. కుడి తలుపుకి లోపలివైపు, నేలకి జానెడు ఎత్తు నుంచి మోకాలు ఎత్తు దాకా గీతలు. నాలుగేసి కలిసి ఉన్నాయి. ఎలుకలు కాబోలు. వెనక పలక అడుగున బయటికి జరిగింది, వేలు పట్టేంత సందు.

నువ్వు చెప్పమన్నావు కాబట్టి ఉన్నవన్నీ చెప్పాను. ఇప్పుడైనా బీరువా వద్దని రాయి. ఆయనకి చూపించడానికి ఒక్క కాగితం చాలు.

చెల్లెలు


కలప అడితి వీధి,
మార్చి 21

చెల్లీ,

కాగితాలన్నీ పని బల్ల మీద పరిచి రెండు రోజులు చూశాను.

కుర్చీ కింద పడితే కాలు విరుగుతుంది. వీపు విరగదు. వీపు విరిగిందంటే ఎవరో దాన్ని కాళ్ళు పట్టుకుని ఎత్తి కొట్టారు. దేన్ని కొట్టారు?

మంచం మీద మరక దేనిదో అడగను. టేకులోకి అంతలా ఇంకేవి నాకు రెండే తెలుసు, నూనె, నెత్తురు. నూనె అయితే అలాగే రాసేదానివి.

ఎలుక రెండేసి పళ్ళతో కొరుకుతుంది. నాలుగేసి గీతలు పెట్టదు. ఆ కాగితం మీద నా వేళ్ళు పెట్టి చూశాను, పట్టలేదు. నా చేతికంటే చిన్న చెయ్యి. టేకు మీద గోటితో గీత పడాలంటే గోరు ఊడేదాకా గీకాలి.

వెనక పలక లోపలినుంచి తంతేనే బయటికి జరుగుతుంది.

నిన్ను అందులో పెట్టి గడియ వేస్తున్నాడా? సమాధానం రాయక్కర్లేదు. ఎల్లుండి బస్సుకి బయల్దేరుతున్నాను. వచ్చి వాడితో మాట్లాడతాను.

అన్నయ్య


కుట్టు వర్క్‌షాపు,
మార్చి 26

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందగానే కటింగ్ అక్క ఫోను తీసుకుని మీ కలప అడితి నడిపే ఆవిడకి చెప్పాను, నిన్ను ఎలాగైనా ఆపమని. ఆపానని ఆవిడ చెప్పేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

నువ్వు మాట్లాడటానికి బయల్దేరావని నన్ను నమ్మమంటావా? నీ చేతి సంగతి నాకు తెలుసు.

నువ్వు చదివింది నిజమే. పెళ్ళయిన రెండో నెలలో మొదలైంది. అప్పుడు చెంపదెబ్బలు. తరవాత బెల్టు. తరవాత చేతికి ఏది దొరికితే అది. నీ బీరువా వచ్చాక ఆయనకి ఒళ్ళు అలిసే బాధ తప్పింది. అందులోకి తోసి గడియ వేసి డ్యూటీకి వెళ్ళిపోతారు. ఆదివారమైతే ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటారు. పేజీ తిప్పిన చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఒకసారి పొద్దున్న పెట్టి సాయంత్రం తీశారు. నేను కాళ్ళ మీద నిలబడలేకపోతే, నటిస్తున్నానని మళ్ళీ పెట్టారు. ఇక్కడ కటింగ్ అక్కతో జ్వరం అని చెబుతాను. నెలకోసారి జ్వరం వచ్చే మనిషిని ఆవిడ నమ్ముతుందా? ఆవిడ ఏమీ అనదు, నా వంతు కుట్లు కూడా తనే కుట్టి పెడుతుంది.

ఆయన చెడ్డవాడని నాకు ముందే తెలియదు. నువ్వు జైల్లో ఉంటే అమ్మని చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. ఆ చేతులు చూసే పెళ్ళి చేసుకున్నాను.

నీకెందుకు చెప్పలేదో చెబుతాను. ఆయన రోజూ అనే మాట ఇది. “పిలు మీ అన్నని. ఒక్క దెబ్బ వేయమను. ఈసారి లోపలికెళితే ముసలాడై బయటికొస్తాడు.” నన్ను కొట్టేటప్పుడు ఆయనకి ధైర్యం నువ్వే. నువ్వొచ్చి చెయ్యెత్తితే ఆయన గెలిచినట్టే.

ఇంకో మాట కూడా ఉంది. రాయకూడదనుకున్నాను, కానీ మింగలేక కక్కలేక ఇన్నాళ్ళూ గడిపాను. ఆ గడియ వేసింది నువ్వు. ఆయన అడగ్గానే వేశావు. బీరువాలో చీరలు పెట్టుకునేది నేనైతే, బయట అంత లావు గడియ ఎందుకని నన్నొక్క మాట అడగలేదు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను.

ఇక్కడ కనీసం నా అరుపు కింద షాపువాళ్ళకి వినపడుతుందని ఆయనకి భయం. అక్కడ చుట్టూ ఇళ్ళు లేవు. నేనూ ఆ బీరువా కలిసి ఆ ఇంట్లోకి వెళితే నేను ప్రాణాలతో బయటికి రాను. ఏదైనా చెయ్యి. రావడం మాత్రం వద్దు.

చెల్లెలు


కలప అడితి వీధి,
ఏప్రిల్ 1

బుడంకాయ్,

అడితి ఆవిడ వచ్చేసరికి నేను బస్సులో కూర్చున్నాను. ఒళ్ళో సంచి, సంచిలో పెద్ద సుత్తి. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి సంచి లాగేసుకుంది. బస్సు కదిలితే దిగి ఆవిడ వెనక పరిగెత్తాను. ఆ వయసులో ఆవిడ అంత పరిగెడుతుందని నాకు తెలియదు.

నువ్వన్నది నిజం. మాట్లాడటానికి బయల్దేరలేదు. నేను జైలుకెళ్ళింది ఎవణ్ణి కొట్టో, ఆ కంట్రాక్టరు అప్పుడు మొదటి దెబ్బకే పడ్డాడు. మిగతా రెండూ పడ్డవాణ్ణి కొట్టాను. కన్ను పోయింది మూడోదానికి. మీ ఆయన విషయంలో మూడుతో ఆగేవాణ్ణి కాదు.

గడియ సంగతి. అడిగాడు, వేశాను. స్క్రూలు కూడా ఒకటిన్నర అంగుళాలవి వేశాను, ఊడకూడదని. అది రాసి నువ్వు మంచిపని చేశావు. నీ ఉత్తరం చదివిన రోజు నుంచి పని బల్ల దగ్గర నిలబడితే చేతులు ఆడటం లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగిన ప్రశ్నకి జవాబు మారింది. సామాను మొత్తం తీసుకెళ్ళాలి, ఒక్క స్టూలు కూడా వదలకుండా. బీరువా ఒక్కటే అయితే ఒక చిన్న వ్యాను, ఒక డ్రైవరు, ముప్పావు గంటలో పని అయిపోతుంది. మొత్తం సామానైతే పెద్ద లారీ, ఆరుగురు మనుషులు వస్తారు. విప్పడానికి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పడుతుంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. వీధంతా చూస్తుంది.

సామాను తరలించేవాళ్ళలో నాకొక మేస్త్రీ తెలుసు. వాణ్ణి అందరూ బస్తా అంటారు, మనిషి కూడా అలాగే ఉంటాడు. దారిలో విరిగినవన్నీ ఎప్పుడూ నా దగ్గరికే తెస్తాడు. వాడికి అంతా చెప్పాను. వాడు మీ ఆయన గోడౌనుకి వెళ్ళి అందరికంటే తక్కువకి ఒప్పుకుంటాడు.

మీ ఆయన మొత్తం సామానుకి ఒప్పుకోవాలంటే ఒకటే దారి. ఆ సామాను తిరిగిమ్మని నేను అడగాలి. దీనితోపాటు మీ ఇంటికి ఇంకో ఉత్తరం వేస్తున్నాను. దాని నకలు కింద రాస్తున్నాను, చూసి నవ్వకు.

“బావగారికి నమస్కారాలు. తమరు దూరం వెళుతున్నారని తెలిసింది. నేను చేసిచ్చిన సామానులో తమకి బీరువా ఒక్కటే కావాలట, మిగతావి అమ్మేస్తారట. అవి నా కష్టార్జితం. మంచం, బల్ల, కుర్చీలు, మిషను బల్ల నాకు తిరిగి ఇప్పించండి. వాటి మీద తమకి ఏ హక్కూ లేదు. ఈ నెల పదోతేదీలోగా పంపకపోతే మర్యాదగా ఉండదు.”

అన్నయ్య


కుట్టు వర్క్‌షాపు,
ఏప్రిల్ 8

అన్నయ్యకి,

నీ పాచిక పారింది. ఉత్తరం పైకి చదివి పకపకా నవ్వారు. హక్కు లేదా అని మూడుసార్లు అన్నారు. విరిగిన కుర్చీ ముక్కలతో సహా అన్నీ తీసుకెళ్ళి అక్కడ పొయ్యిలో పెడతాను కానీ వాడికి పుల్ల ముక్క ఇవ్వను అన్నారు. బస్తా ఇరవై రెండో తేదీ పొద్దున్నే లారీ తెస్తాడు.

అంతా బాగుంది కానీ, అది నేనే రాయించానని ఆయనకి అనుమానం వచ్చింది. నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని వెనక్కి విరిచారు. విరిగేటప్పుడు పెద్దగా చప్పుడు కాదు, పచ్చి పుల్లలాగే. ఎడమది ఎందుకంటే, “కుడిదైతే కుట్లు పోతాయి, జీతం పోతుంది” అన్నారు. అంత ఆలోచించి కొడతారు. కోపం ఆపుకోలేడు పాపం అని నాలుగేళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను కదా, ఆ మాటతో అది పోయింది.

కటింగ్ అక్క వేలికి స్కేలు ముక్క పెట్టి కట్టు కట్టింది. మొదటిసారి నోరు తెరిచింది. జ్వరానికి వేళ్ళు విరగవమ్మా అంది. ఆవిడకి అంతా చెప్పేశాను.

ఇరవై రెండున ఏం చేయాలో వివరంగా రాయి. బస్తాని గొడవ పడొద్దను.

చెల్లెలు


కలప అడితి వీధి,
ఏప్రిల్ 13

బుడంకాయ్,

ఇది చదివి చింపెయ్.

ముందు మంచం విప్పుతారు. తరవాత బల్ల, కుర్చీలు. బీరువా ఆఖరున. మంచం పట్టెలు గోడకి ఆనించాక బస్తా కిందికెళ్ళి మీ ఆయన్ని పిలుస్తాడు, సామాను జాబితా మీద సంతకానికి. మీ ఆయన లారీ వెనక నిలబడి జాబితా చదువుతుంటే నువ్వు మిషను డబ్బా పట్టుకుని మెట్లు దిగు. డ్రైవరు పక్కన కాదు, వెనక వీధిలో ఆటో ఉంటుంది, అందులో కటింగ్ అక్క ఉంటుంది. తిన్నగా పోలీసు స్టేషను. ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తక్కర్లేదు.

నేను రాను. ఆ రోజు అడితి ఆవిడ కళ్ళెదురుగా కూర్చుంటానని మాటిచ్చాను. సుత్తి ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.

వేలు తడపకు.

అన్నయ్య


మహిళల వార్డు, తొమ్మిదో మంచం,
ఏప్రిల్ 25

అన్నయ్యకి,

బతికే ఉన్నాను. బస్తా కూడా బతికాడు. ఇవి ముందు రాయమని కటింగ్ అక్క పక్కన కూర్చుని చెబుతోంది.

నీ ఉత్తరం చింపలేదు. తప్పు నాదే. ఏది ముందు, ఏది తరవాత అని మళ్ళీ మళ్ళీ చదువుకోవాలనిపించి జాకెట్టులో దాచుకున్నాను. ఇరవై రెండు పొద్దున్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు విడిచిన బట్టల్లో ఆయనకి దొరికింది. బయటికి వచ్చేసరికి చదువుతూ నిలబడి ఉన్నారు. అరవలేదు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. తరవాత జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టారు. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. నోట్లో దిండు గలీబు కుక్కి, చేతులు నా కుట్టు టేపుతోనే కట్టి, బీరువాలో పెట్టి గడియ వేశారు.

లారీ వచ్చింది. లోపలినుంచి అన్నీ వినపడుతున్నాయి. మంచం విప్పారు, పట్టెలు గోడకి ఆనించారు. అమ్మగారు లేరా అని బస్తా అడిగాడు. ముందే రైల్లో వెళ్ళిపోయిందని చెప్పారు. బీరువా సంగతి అడిగితే, మనసు మార్చుకున్నాను, అది ఇక్కడే అమ్మేస్తాను, మిగతావి ఎక్కించుకుని మీరు పదండి అన్నారు. మనుషులందరూ బల్ల పట్టుకుని కిందికి దిగారు. ఆ చప్పుడు మెట్ల మీద తగ్గిపోతూ ఉంటే నా పని అయిపోయిందనుకున్నాను. మడమతో వెనక పలకని తన్నాను. ఒకటే తన్ను, అంతకంటే బలం లేదు.

బస్తా పోలేదు, గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఏది వదిలినా ఆయన ఈ బీరువా వదలడని నువ్వు వాడికి చెప్పావట కదా. వచ్చి గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది, వెలుతురు పడింది, వాడి మొహం కనిపించింది. నా చేతుల కట్టు విప్పాడు. ఆయన వెనకనుంచి మేకులు పీకే ఇనప కడ్డీతో వాడి తల మీద కొట్టారు. బస్తా నా మీద పడ్డాడు. నా ఒళ్ళంతా వాడి నెత్తురు. ఆయన మళ్ళీ కడ్డీ ఎత్తారు. ఈసారి కొడితే వాడు చచ్చిపోయేవాడు.

నేను వాడి కిందనుంచి జరిగి బయటికొచ్చి, గోడకి ఆనించిన మంచం పట్టె రెండు చేతులా ఎత్తి కొట్టాను. విరిగిన వేలు గుర్తే లేదు. భుజం మీద తగిలింది. ఎముక విరిగింది. ఆ చప్పుడు బాగా వినపడింది. కడ్డీ జారిపోయింది, ఆయన పడిపోయాడు.

అన్నయ్యా, ఇక్కడిదాకా అందరికీ చెప్పాను. మిగతాది నీకే రాస్తున్నాను.

కింద పడి, నన్ను చూసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అచ్చం నేను పెట్టుకునేలాగే. అది చూసి ఆగాల్సింది. అది చూసే కొట్టాను. మోకాలి మీద, ఉన్న బలమంతా పెట్టి. ఆ మోకాలు మళ్ళీ వంగదని డాక్టరు చెప్పాడట. అప్పటికి కడ్డీ దూరంగా పడి ఉంది. బస్తాకి ఇక ప్రమాదం లేదు. రెండోది అవసరం లేదు. అయినా కొట్టాను, కొట్టినప్పుడు బాగుంది కూడా.

బస్తా కళ్ళు మూసుకుని పడున్నాడు, మనుషులు మెట్ల మీద ఉన్నారు. ఎవరూ చూడలేదు. పడేటప్పుడు మోకాలు మంచం కోడుకి తగిలిందని చెప్పొచ్చు అంటోంది కటింగ్ అక్క తీసుకొచ్చిన లాయరమ్మ. ఆత్మరక్షణకి ఒక దెబ్బ అయితే కేసు అసలు నిలవదట. రెండోది, అదీ పడ్డవాణ్ణి కొడితే, నా మీద కూడా కేసు పెడతారట. ఎల్లుండి పోలీసులు వాంగ్మూలం రాసుకోవడానికి వస్తున్నారు. ఏం చెప్పను? నీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

చెల్లెలు


కలప అడితి వీధి,
ఏప్రిల్ 26

బుడంకాయ్,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, నీ ఉత్తరం తెచ్చిన బస్తా వాళ్ళ డ్రైవరు చేతికే ఇస్తున్నాను, రేపు పొద్దున్నకి నీ చేతిలో ఉంటుంది.

ఒకటే అని చెప్పు.

నేను కోర్టులో మూడూ చెప్పాను. నిజం చెబితే జడ్జి గారు మెచ్చుకుంటారనుకున్నాను. మూడు దెబ్బలకి మూడేళ్ళు పడ్డాయి. రెండో ఏడు అమ్మ పోయింది, మూడో ఏడు నువ్వు వాణ్ణి పెళ్ళి చేసుకున్నావు. నేను ఒకటే అని ఉంటే ఆ రెండేళ్ళూ ఇంట్లో ఉండేవాణ్ణి. అమ్మని నేనే మోసేవాణ్ణి. వాడు మన గుమ్మం తొక్కేవాడే కాదు.

నీ చెయ్యి నా చెయ్యిలా అయిందని భయపడకు. నేను కొట్టింది ఒక బూతు మాటకి. నువ్వు కొట్టింది నాలుగేళ్ళకి. నీకు బాగుండటం పాపమైతే ఆ పాపం నాకు రాసెయ్. రెండో దెబ్బ నేను వేశాననుకో, వేయడానికే కదా బయల్దేరాను.

లాయరమ్మ చెప్పినట్టు చెప్పు. సామాను లారీలోనే ఉంది, ఎక్కడ దించమంటావో బస్తా అడుగుతున్నాడు.

అన్నయ్య


మహిళల వార్డు,
ఏప్రిల్ 27, సాయంత్రం

అన్నయ్యకి,

బీరువా పోలీసులు తీసుకెళ్ళారు, ముక్కలుగా విప్పకుండా అలాగే. మంచం, బల్ల, కుర్చీలు అమ్మేయమను, ఎవరికైనా సరే. మిషను బల్ల ఒక్కటే నీ దగ్గర దించమను. బెయిలు, డిశ్చార్జి రెండూ దొరికితే నేను కూడా అక్కడికే వస్తాను. దొరక్కపోతే బల్ల మీద దుమ్ము పడకుండా చూడు.

పొద్దున్న పోలీసావిడ కాగితాలు పట్టుకుని వచ్చింది. నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. ఒకటి అని చెప్పాలనే నోరు తెరిచాను. ఆ మాట నోట్లోకి వచ్చేసరికి అలవాటైన మాటలా అనిపించింది. నాలుగేళ్ళూ నేను చేసింది అదే కదా. పది దెబ్బలు తింటే రెండని చెప్పాను. రెండు తింటే జారిపడ్డానని చెప్పాను. నీకు ఎలుకలని రాశాను. ఆయన దెబ్బలు తగ్గించి చెప్పీ చెప్పీ, ఇప్పుడు నావి కూడా తగ్గించి చెప్పడం నా వల్ల కాలేదు.

రెండు అని చెప్పాను. రెండోది ఎక్కడ, ఎందుకు, పట్టె ఎలా పట్టుకున్నానో కూడా చెప్పాను. లాయరమ్మ తల పట్టుకుంది. పోలీసావిడ రాసుకుని, కాగితం మీద నా చేత సంతకం పెట్టించి, పెన్ను మూత పెట్టబోయింది.

ఆగమన్నాను. అతనివి ఇంకా చెప్పలేదు కదా, కూర్చోండి అన్నాను. పెళ్ళయిన రెండో నెల నుంచి మొదలుపెట్టాను. ఆవిడ మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఇంకో నాలుగు కాగితాలు కావాలని మనిషిని పంపించింది.

చెల్లెలు